యున్నాన్ ఆకు టీ: బలాన్ని ఎక్కడ వెతకాలి

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. చైనాలోని యున్నాన్ రాష్ట్రంలో, కున్‌మింగ్‌లో మెడిసిన్ చదువుతున్న మీ అక్కగారి అబ్బాయి సెలవులకు వస్తూ డియాన్‌హోంగ్ అనే అక్కడి ఆకు టీ 100 గ్రాములు తెచ్చి, చాలా స్ట్రాంగ్‌గా ఉంటుందని చెప్పి ఇచ్చాడు. మీరు మొదటిసారి ఇంట్లో రోజూ చేసుకునే పద్ధతిలోనే పాలు, చక్కెర వేసి మరిగిస్తే రంగు సరిగా దిగలేదు, రుచి పలచగా అనిపించింది, మట్టి వాసన వచ్చింది. రెండోసారి పాలు లేకుండా అయిదు నిమిషాలు పొయ్యి మీద మరిగిస్తే చేదు తప్ప మరేమీ తెలియలేదు, పైగా మిగిలిన కప్పు చల్లారాక బురదనీళ్ళలా మారింది. ఆకు నాసిరకమా, కాయడంలో పొరపాటు జరిగిందా, అసలు ఇలాంటి టీని ఎలా ఆస్వాదించాలి అని అడిగారు.

మీ ఆకు మంచిదే. చల్లారాక మారిన ఆ రంగే అందుకు సాక్ష్యం, దాని సంగతి చివరన చెబుతాను. నేను పన్నెండేళ్ళు నీలగిరుల్లోని కూనూరులో వేలానికి వచ్చే టీలను రుచి చూసి ధర అంచనా వేసే పనిలో ఉన్నాను, ఆ తర్వాత మరో పదేళ్ళుగా చైనా ఆకు టీలను ప్రత్యేకంగా తెప్పించుకుని తాగుతున్నాను. ఈ అనుభవంతో చెప్పగలిగింది ఒక్కటే: ఈ టీ బలం మీరు వెతికిన చోట లేదు, మనం అలవాటుగా చూసుకోని మరో చోట ఉంది.

మనం స్ట్రాంగ్ టీ అన్నప్పుడు మూడు వేర్వేరు గుణాలను ఒకే మాటలో కలిపేస్తాము. ఒకటి రంగు, రెండోది నాలుకను పట్టే వగరు, మూడోది నోట్లో ద్రవం నిండుగా, బరువుగా ఉన్నట్లు తోచే చిక్కదనం. మన ఇళ్ళలో వాడే సీటీసీ పొడి 1930ల మొదట్లో అస్సాంలో రూపొందిన యంత్రం నుంచి వచ్చింది. ఆ యంత్రం ఆకును నలిపి, చించి, చిన్న గుళికలుగా చుడుతుంది. అంత చిన్న గుళిక కాబట్టి నీళ్ళు తగలగానే రంగు, వగరు ఒక్కసారిగా దిగుతాయి. వాటిని తట్టుకోవడానికే మనం పాలు పోస్తాము. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ఆ వగరు పదార్థాలను పట్టేసుకుంటుంది. కాబట్టి చిక్కదనం అని మనం అనుకునేదానిలో ఎక్కువ భాగం నిజానికి పాలదే. హైదరాబాదు ఇరానీ చాయ్‌లో ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ డికాక్షన్ ఒక గిన్నెలో, చిక్కగా కాగిన పాలు వేరే గిన్నెలో ఉండి, కప్పులోనే రెండూ కలుస్తాయి. డియాన్‌హోంగ్‌లో ఆకు చినగదు. పొడవుగా మెలితిరిగి, దాదాపు మొత్తంగానే ఉంటుంది. అది నెమ్మదిగా విచ్చుకుంటుంది, రంగును తొందరపడి ఇవ్వదు, కానీ చిక్కదనం మాత్రం పాల సాయం లేకుండా తనంతట తానే తెచ్చుకుంటుంది.

ఈ చిక్కదనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తాగేటప్పుడు దాన్ని గుర్తుపట్టడం తేలిక. డియాన్ అన్నది యున్నాన్ రాష్ట్రానికి చైనావారు వాడే పొట్టి పేరు, హోంగ్ అంటే ఎరుపు. మనం నల్ల టీ అనేదాన్ని వారు కప్పులోని రంగును బట్టి ఎర్ర టీ అంటారు. వారు నల్ల టీ అనే పేరుతో అమ్మేది పూర్తిగా వేరే రకం, నిలవబెట్టి పులియబెట్టిన టీ. ఈసారి మీ మేనల్లుడి చేత తెప్పించుకునేటప్పుడు ఈ తేడా గుర్తు పెట్టుకోండి. యున్నాన్‌లో పెరిగేది పెద్ద ఆకు రకం, అంటే మన అస్సాం టీ మొక్క ఏ ఉపజాతికి చెందుతుందో అదే. అందుకే చైనా టీలన్నింటిలోనూ అస్సాం తాగి పెరిగిన నాలుకకు దగ్గరగా వచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

ఈ టీ చరిత్ర మరీ పాతది కాదు. జపానుతో యుద్ధం మొదలై తూర్పు చైనాలోని పేరున్న టీ ప్రాంతాలు ఒక్కొక్కటిగా చేజారుతున్న కాలంలో, ఎగుమతి కోసం కొత్త ప్రాంతం వెతకడానికి 1938లో ఫెంగ్ షావోచ్యూ అనే టీ నిపుణుడిని యున్నాన్‌కు పంపారు. అప్పట్లో షున్‌నింగ్ అని, ఇప్పుడు ఫెంగ్‌చింగ్ అని పిలిచే జిల్లాలో ఆయన ఆ పెద్ద ఆకుతో ఎర్ర టీ చేసి చూశారు. 1939 నుంచి అది హాంకాంగ్ మీదుగా లండన్ వరకు వెళ్ళింది. పరాయి దేశపు కొనుగోలుదారును మెప్పించి యుద్ధకాలంలో విదేశీ డబ్బు సంపాదించాలన్న అవసరంలోంచి పుట్టిన టీ కాబట్టే, దీనిలో మొదటి నుంచీ రంగుకు, నిండుదనానికి లోటు లేదు.

పెద్ద ఆకులో కాటెకిన్లు అనే పదార్థాలు చిన్న ఆకు రకాల కన్నా ఎక్కువ. ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి ఉంచినప్పుడు అవి మారి థియాఫ్లేవిన్లు, థియారుబిజిన్లు అనే రెండు తరగతుల పదార్థాలవుతాయి. మొదటివి కప్పు అంచున బంగారు వలయాన్ని, నాలుక మీద చురుకును ఇస్తాయి. రెండోవి ఎరుపును, నిండుదనాన్ని ఇస్తాయి. తెల్లని కప్పులో పోసి కిటికీ దగ్గర చూడండి. ద్రవం అంచు పింగాణీని తాకే చోట సన్నటి పసుపు గీత కనిపిస్తే మొదటి తరగతి పదార్థాలు బాగా ఉన్నట్టే.

ఇప్పుడు ఎండు ఆకును చూడండి. నల్లని ఆకు మధ్య బంగారు రంగు పోగులు కనిపిస్తాయి. అవి విడిగా కలిపినవి కావు, నూగు ఉన్న లేత మొగ్గలే తయారీలో ఆ రంగుకు తిరుగుతాయి. మొగ్గలు ఎక్కువైన కొద్దీ ధర పెరుగుతుంది, అందుకని పూర్తిగా బంగారు రంగులో ఉన్నదే గొప్పదనీ, అదే స్ట్రాంగ్ అనీ చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. అన్నీ మొగ్గలే ఉన్న టీ మెత్తగా, తేనెలా, అణకువగా ఉంటుంది. బలం కావాలనుకునేవారు ఒక మొగ్గకు ఒకటి రెండు ఆకులు కలిపి కోసిన, నలుపు ఎక్కువగా, బంగారం తక్కువగా కనిపించే టీనే తీసుకోవాలి. మీ వర్ణనను బట్టి మీ దగ్గర ఉన్నది అదే.

నీళ్ళ గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో టీ చెడేది ఎక్కువగా అక్కడే. హైదరాబాదులోనూ, రాయలసీమలోనూ బోరు నీళ్ళు చాలా చోట్ల కఠినంగా ఉంటాయి. ఆ నీళ్ళలోని సున్నపు లవణాలు టీ పదార్థాలతో కలిసి కప్పు పైన తెట్టులాంటి పొర కట్టిస్తాయి, చురుకును చంపేస్తాయి, రంగును మాత్రం అనవసరంగా నల్లబరుస్తాయి. ఆర్‌వో నీళ్ళు మరో చివరికి వెళతాయి. లవణాలు దాదాపు లేని నీళ్ళలో రుచి బోలుగా, పదునుగా తేలుతుంది. నేను మూడు వంతుల ఆర్‌వో నీళ్ళకు ఒక వంతు మున్సిపల్ కుళాయి నీళ్ళు కలిపి వాడుతాను. ఇంట్లో నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే 50 నుంచి 100 మధ్య వచ్చేలా చూసుకోండి, లేకపోతే రెండు మూడు పాళ్ళలో కలిపి మూడు కప్పులు కాచి మీ నాలుకనే అడగండి.

నీళ్ళ వేడి విషయంలో ఒక చిన్న సంగతి నాకు ఎప్పుడూ ఇష్టంగా అనిపిస్తుంది. కున్‌మింగ్ సముద్రమట్టానికి దాదాపు 1900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడివారు మరిగే నీళ్ళు నేరుగా పోసినా ఈ ఆకుకు అది సరిగ్గా సరిపోయే వేడి. మన దగ్గర విజయవాడ, విశాఖల్లో 100 డిగ్రీలకు, హైదరాబాదులో 98 దగ్గర మరుగుతాయి. కాబట్టి మీ మేనల్లుడు అక్కడ చేసినట్టే ఇక్కడా చేసినా టీ కొంచెం ఎక్కువ ఘాటుగా దిగుతుంది. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపి, మూత తీసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి పోయండి.

కొలతను చెంచాతో చేయకండి. మెలితిరిగిన ఆకు గాలిని పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి ఒక చెంచా సీటీసీ పొడి తూగినంత ఒక చెంచా డియాన్‌హోంగ్ తూగదు. మీ మొదటి ప్రయత్నం పలచగా రావడానికి ప్రధాన కారణం ఇదేనని నా అనుమానం. చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోండి. 150 మిల్లీలీటర్ల నీళ్ళకు 3 గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి, మూడు నిమిషాలు ఉంచి, పూర్తిగా వడగట్టండి. పొయ్యి మీద పెట్టనే వద్దు. మరిగిస్తే సువాసన ఆవిరితో పోతుంది, చేదు మాత్రం గిన్నెలో మిగులుతుంది. మీ రెండో ప్రయత్నంలో జరిగింది అదే.

చైనాలో టీని పరీక్షించే ప్రామాణిక పద్ధతిలోనూ ఇదే పాళ్ళు, 150 మిల్లీలీటర్లకు 3 గ్రాములు. అయితే మరిగే నీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచుతారు. మేము వాడే అంతర్జాతీయ పద్ధతిలో 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, ఆరు నిమిషాలు. ఇలా కాచేది టీలో ఉన్న లోపాలన్నీ బయటపడడానికి. తాగి సంతోషించడానికి కాచే పద్ధతి వేరు, అందుకే మీకు మూడు నిమిషాలే చెప్పాను. అయితే ఎప్పుడైనా రెండు టీలను పోల్చి చూడాలనుకుంటే మాత్రం ఆ కఠినమైన పద్ధతినే పాటించండి, అప్పుడు ఏదీ దాక్కోలేదు.

ఇక రుచి చూడడం. వడగట్టిన వెంటనే ద్రవాన్ని పక్కన పెట్టి, ముందు తడి ఆకును వాసన చూడండి, ఎందుకంటే ఆ వేడిలో వచ్చే మొదటి వాసన ఒక నిమిషం మించి నిలవదు. తర్వాత కప్పు కొంచెం చల్లబడి, పెదవి కాలకుండా తాగగలిగినప్పుడు, ఒక చెంచాడు ద్రవాన్ని గాలితో కలిపి గట్టిగా జుర్రండి. చారు జుర్రినప్పుడు మిరియం, ఇంగువ నేరుగా ముక్కుకు ఎలా తెలుస్తాయో ఇదీ అంతే. టీ సువాసనలో అధిక భాగం నాలుకకు అందేది కాదు, గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళితేనే తెలుస్తుంది. కూనూరులో కొత్తగా చేరినవారు ఈ చప్పుడు చేయడానికి సిగ్గుపడేవారు, వారం తిరిగేసరికి గది మొత్తానికీ వినిపించేలా జుర్రేవారు. అలా జుర్రిన ద్రవాన్ని మూడు నాలుగు క్షణాలు నోట్లో అన్ని వైపులా తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి.

ఇక్కడ తెలుగువారికి ఉన్న ఒక సదుపాయం గురించి చెప్పాలి. చేదుకు, వగరుకు తేడా తెలియక ఇబ్బంది పడే టీ ప్రియులను విదేశాల్లో చాలామందిని చూశాను, వారి రోజువారీ భాషలో రెంటికీ దాదాపు ఒకే మాట. మనకు షడ్రుచుల్లో చేదు ఒకటి, వగరు మరొకటి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తెచ్చేది ఏదో, మామిడి పిందె తెచ్చేది ఏదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు అసలు రుచి కన్నా స్పర్శకు దగ్గర, ఎందుకంటే టీలోని పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లతో ముడిపడి నోటిలోని జారుడును తీసేస్తాయి, అప్పుడు చిగుళ్ళు, బుగ్గల లోపలి వైపు గరుకుగా అనిపిస్తాయి. డియాన్‌హోంగ్‌ను తూచాల్సింది ఈ వగరుతోనే. అది ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, ఎంతసేపు ఉంది, ఎలా పోయింది అన్నది. పచ్చి అరటికాయ కొరికితే వచ్చే వగరు నోటికి అంటుకుని ఎంతకూ వదలదు. బాగా పండిన నేరేడుపండు వగరు ఒక క్షణం పట్టి, దాని వెనకే తీపికి దారి ఇస్తుంది. మంచి డియాన్‌హోంగ్ వగరు నేరేడుపండు దారిలో నడవాలి. అరనిమిషం దాటినా నాలుక మీద తోలు పరచినట్లు ఉంటే ఆకు ఎక్కువసేపు నానిందనో, నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయనో అర్థం. రెండూ సరిచూసుకున్నాక కూడా అలాగే ఉంటే అప్పుడు ఆకును అనుమానించవచ్చు.

ఆ వగరు కరిగిన తర్వాత వచ్చేదాన్ని చైనావారు హుయ్‌గాన్ అంటారు, తిరిగి వచ్చే తీపి అని దాని అర్థం. దీన్ని వివరించడానికి పుస్తకాల్లో పేజీలు రాస్తారు, మనకు మాత్రం ఒక్క ఉసిరికాయ చాలు. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగితే, నీళ్ళలో లేని తీపి గొంతులోంచి పైకి వస్తుంది. డియాన్‌హోంగ్ గుటక మింగి, ఏమీ తినకుండా, మాట్లాడకుండా ఒక నిమిషం ఆగితే అలాంటిదే, అంతకన్నా సన్నగా, నాలుక మొదట్లో తెలుస్తుంది. చక్కెర వేసుకుంటే ఇది పూర్తిగా మునిగిపోతుంది. మీరు చక్కెర మానలేనంటే నేను తప్పు పట్టను, కానీ ఈ పొట్లంలో కనీసం మొదటి పది కప్పులు చక్కెర లేకుండా తాగి ఆ తీపి ఎక్కడ మొదలవుతుందో పట్టుకోండి. నా దృష్టిలో ఈ టీకి ఉన్న అసలు బలం అదే: గుటక అయిపోయాక కూడా అది నోటిని వదలదు.

సువాసనలకు పేర్లు పెట్టుకోవడం చాలామందికి ఆడంబరంగా తోస్తుంది గానీ, పేరు పెట్టినదే మరుసటిసారి గుర్తుకు వస్తుంది. అయితే అట్టపెట్టె మీద రాసిన పేర్లను అరువు తెచ్చుకోకండి, మీకు తెలిసిన వాసనలనే వెతకండి. మంచి డియాన్‌హోంగ్‌లో నాకు మొదట ఉడికించిన చిలగడదుంప తొక్క వాసన, దాని వెనక అనకాపల్లి వైపు బెల్లం వండే పెనం దగ్గర నిలబడినప్పటి తీపి ఆవిరి, అడుగున నిప్పుల మీద కాల్చిన తేగ వాసన తెలుస్తాయి. చల్లబడే కొద్దీ మిరియపు ఘాటు కొద్దిగా తేలుతుంది. మీరు మట్టి వాసన అన్నది బహుశా ఆ తేగ వాసనే కావచ్చు, పాలతో మరిగినప్పుడు తీపి వాసనలన్నీ పోయి అదొక్కటే మిగిలి ఉంటుంది. ఒకే కప్పును వేడిగా ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, చల్లారాక ఒకసారి రుచి చూసి మూడింటినీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. వేడిలో దాగిన లోపం చల్లారాక దాగలేదు.

ఒకసారి కాచిన ఆకును పారేయకండి. మూత ఉన్న చిన్న పింగాణీ కప్పు, 100 మిల్లీలీటర్లు పట్టేది దొరికితే, అందులో 4 గ్రాముల ఆకు వేసి, పది సెకన్లకే వడగట్టి, ఆ తర్వాత ప్రతిసారీ అయిదు నుంచి పది సెకన్లు పెంచుకుంటూ ఆరేడు సార్లు తీయవచ్చు. చైనావారు గైవాన్ అనే పాత్రలో చేసేది ఇదే. మొదటి రెండు సార్లు సువాసన ముందుంటుంది, మూడు నాలుగుల్లో నిండుదనం పతాక స్థాయికి చేరుతుంది, ఆ తర్వాత తీపి ఒక్కటే మిగులుతుంది. సీటీసీ పొడిలో ఇది సాధ్యం కాదు, దాని దగ్గర ఉన్నదంతా మొదటి నిమిషంలోనే అయిపోతుంది.

పాలు తప్పనిసరి అనుకుంటే 150 మిల్లీలీటర్ల నీళ్ళకు 5 గ్రాముల ఆకు వేసి, అయిదు నిమిషాలు నానబెట్టి, వడగట్టాక వేడి పాలు రెండు చెంచాలు మాత్రం కలపండి. పెద్ద ఆకు కాబట్టి ఆ మాత్రం పాలను ఇది తట్టుకుంటుంది. అన్‌హుయ్ రాష్ట్రపు కీమన్ అనే ఎర్ర టీ తట్టుకోలేదు, దాని అందం చాలా సున్నితమైనది. వూయీ కొండల్లోని తొంగ్‌ము ప్రాంతంలో పైన్ కట్టెల పొగ పట్టించే లాప్‌సాంగ్ సూచోంగ్ గురించి కూడా అడిగారు. అది ఘాటైనదే, కానీ ఆ ఘాటు పొగది, ఆకుది కాదు. బలమైన ఆకు కావాలన్నది మీ కోరిక కాబట్టి ముందు డియాన్‌హోంగ్‌నే పూర్తిగా తెలుసుకోండి, లాప్‌సాంగ్ దగ్గరకు ఆ తర్వాత వెళ్ళండి.

నిలవ గురించి ఒక హెచ్చరిక, ఇది నా సొంత పొరపాటులోంచి వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం మంచి వసంతకాలపు ఆకును వంటింటి అలమరలో ఇంగువ డబ్బా పక్కన పెట్టాను. మూత బిగుతుగానే ఉందనుకున్నాను, నెల తిరిగేసరికి ప్రతి కప్పులోనూ ఇంగువే పలికింది. టీ ఆకు వాసనలను, తేమను ఇట్టే లాక్కుంటుంది. గాలి చొరని స్టీలు డబ్బాలో, పోపుల పెట్టెకు, పొయ్యికి, వెలుతురుకు దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటకు తీసినప్పుడల్లా ఆకుకు చెమ్మ పడుతుంది. తాగే వేళ విషయంలోనూ ఒక మాట: ఇంత చిక్కటి టీని పరగడుపున తాగితే కడుపులో వికారంగా ఉంటుంది, భోజనం వెంటనే తాగితే అన్నం, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇంట్లో రక్తహీనత ఉన్నవారు భోజనానికి, టీకి మధ్య కనీసం గంట విరామం ఇవ్వాలి.

ఇప్పుడు మీ బురదనీళ్ళ సంగతి. వేడిగా ఉన్నప్పుడు తేటగా, ఎర్రగా ఉన్న డియాన్‌హోంగ్ చల్లారాక మసకబారి పాలు చుక్క వేసినట్లు అవడాన్ని కూనూరులో మేము క్రీమింగ్ అనేవాళ్ళం, చైనావారు చల్లారాక వచ్చే మసక అంటారు. థియాఫ్లేవిన్లు, కెఫీన్ రెండూ తగినంత ఉన్నప్పుడు చల్లని నీళ్ళలో అవి ఒకదానికొకటి అతుక్కుని, కరిగి ఉండలేక, సన్నని రేణువులుగా తేలుతాయి. నీరసమైన టీలో ఇది రాదు, ఆ రెండూ అందులో చాలినంత ఉండవు. వేలం గదిలో చల్లారిన కప్పుల వరుస చూసి ఈ మసక రాని వాటిని మేము పక్కకు జరిపేవాళ్ళం. అది ఆకు పాతబడితే వచ్చే మురికి అవునా కాదా అని మీకు సందేహం ఉంటే, ఆ కప్పును వేడి నీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు నిలబెట్టి చూడండి. మసక విడిపోయి మళ్ళీ తేటపడి, మొదటి ఎరుపే తిరిగి వస్తుంది.